జవాబు పక్కన ఇంకో అంకె

మన బడి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక నియమం ఉండేది. ఘనపరిమాణం ఎంతో రాస్తే సరిపోదు. దాని పక్కన ప్లస్, మైనస్ గుర్తు పెట్టి, ఆ జవాబు ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా రాయాలి. ఆ రెండో అంకె లేని రికార్డు మీద మాస్టారు సంతకం పెట్టేవారు కాదు. మార్కుల కోసమే అయితే అంత పట్టింపు అక్కర్లేదు. నా వరకు బడిలో నేర్చుకున్న అన్నిటిలోనూ విలువైనది అదే.

మాకు ఇచ్చిన ఇత్తడి స్తూపం ఇప్పటికీ కళ్ల ముందుంది. వస్తువును రెండు దవడల మధ్య పట్టి కొలిచే వెర్నియర్ కాలిపర్స్ కనీసపు కొలత, అంటే అది చూపగల అతి చిన్న తేడా, 0.01 సెం.మీ. వ్యాసం 1.26, ఎత్తు 3.42 సెం.మీ. అనుకోండి. క్యాలిక్యులేటర్ 4.264392 ఘన సెం.మీ. అని చూపిస్తుంది. ‘ఇందులో నువ్వు కొలిచిన అంకెలు ఎన్ని, యంత్రం ఇచ్చినవి ఎన్ని?’ అనేవారు మాస్టారు. వ్యాసంలో 0.01 సెం.మీ. తేడా అంటే సుమారు 0.8 శాతం. సూత్రంలో వ్యాసం వర్గమవుతుంది కాబట్టి అది రెట్టింపై 1.6 శాతమవుతుంది. ఎత్తు వల్ల వచ్చేది 0.3 శాతమే. రెండూ కలిపితే 1.9 శాతం. అంటే జవాబు 4.26 ± 0.08. ఆ తర్వాతి దశాంశాలన్నీ కొట్టివేయాల్సిందే.

సూత్రంలోని పై (π) విలువ 22/7 తీసుకోవాలా, 3.1416 తీసుకోవాలా అని మేము వాదించుకునేవాళ్లం. 22/7తో లెక్కిస్తే 4.266 వస్తుంది. తేడా 0.002 కూడా లేదు. కొలతలోని సందేహం అంతకు నలభై రెట్లు పైనే. నిజంగా మెరుగైన జవాబు కావాలంటే వ్యాసాన్ని స్క్రూగేజితో, అంటే మర తిప్పి 0.01 మి.మీ. వరకు కొలిచే పరికరంతో, కొలవాలి. అది 12.62 మి.మీ. అని చూపిస్తే జవాబు 4.28 ± 0.02 అవుతుంది. ఇప్పుడు సందేహంలో పెద్ద వాటా ఎత్తుది. శ్రమ ఎక్కడ పెట్టాలో లెక్కే చెబుతుందని తెలిసిన ఆ పూట నాకు కలిగిన ఆనందం చిన్నది కాదు.

కొలతల్లోని ఈ అటూ ఇటూ తేడాలను, అంటే దోషాలను, ఇలా నేరుగా కూడితే అంచనా కాస్త ఎక్కువే వస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని దోషాలైతే వర్గాలు కూడి వర్గమూలం తీయాలని తర్వాత కాలేజీలో చెప్పారు. అయినా ఆ వయసు పిల్లలకు మాస్టారు ఎంచుకున్న దారే సరైనదని నా గట్టి నమ్మకం.

గొట్టం ప్రయోగం ఇంకా గొప్పది. బయటి వ్యాసం 2.54, లోపలి వ్యాసం 2.30 సెం.మీ. రెండు కొలతల్లోనూ దోషం అర శాతం లోపే. కానీ గోడ మందం కోసం తీసివేసి సగం చేస్తే 0.12 ± 0.01 వస్తుంది. ఒక్కసారిగా ఎనిమిది శాతం! దగ్గర దగ్గర సంఖ్యలను తీసివేస్తే సంఖ్య చిక్కిపోతుంది, దోషం మాత్రం పెరుగుతుంది. మరి మందాన్నే నేరుగా స్క్రూగేజితో కొలిస్తే? చదునైన దవడ లోపలి వంపులో అంచుల మీదే ఆనుతుంది, మందం ఎక్కువగా కనిపిస్తుంది. మాస్టారు సైకిల్ బేరింగులోని చిన్న ఉక్కు గుండును దవడకూ లోపలి గోడకూ మధ్య పెట్టించి, మొత్తం కొలతలోంచి గుండు వ్యాసం తీసేయమన్నారు. సందేహం రెండు శాతం లోపుకు దిగింది.

జెండా స్తంభం ఎత్తును కోణమానిని, దారం, రాయితో కొలిచాం. కోణంలో ఒక డిగ్రీ తేడా వస్తే, 45 డిగ్రీల దగ్గర ఎత్తులో వచ్చే తేడా సుమారు 3.5 శాతం. స్తంభానికి దగ్గరగా జరిగి 75 డిగ్రీల కోణంలో చూస్తే అదే డిగ్రీ ఏడు శాతం అవుతుంది. అందుకే మాస్టారు మమ్మల్ని ఎత్తుకు సమానమైన దూరం వచ్చేదాకా వెనక్కి నడిపించేవారు.

ఇప్పుడు నేను యంత్రభాగాల తనిఖీ పనిలో ఉన్నాను. పొడవులకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. మన వేసవిలో 35 డిగ్రీల దగ్గర 100 మి.మీ. ఉక్కు కడ్డీ సుమారు 0.017 మి.మీ. సాగుతుంది. స్క్రూగేజి కనీసపు కొలత కంటే అది ఎక్కువ. ఈ లెక్క వేసిన ప్రతిసారీ చేతికి వచ్చేది మాస్టారి పద్ధతే.

మన బడి ప్రయోగశాలకు డిజిటల్ కాలిపర్స్ ఇవ్వాలని మన పూర్వ విద్యార్థుల సంఘం ఆలోచిస్తోంది, సంతోషం. అయితే వాటి తెర 0.01 మి.మీ. వరకు చూపించినా, చాలా రకాల కచ్చితత్వం ± 0.02 మి.మీ. వరకే. కాబట్టి వాటితో పాటు గేజ్ బ్లాకుల (కచ్చితంగా తెలిసిన మందం ఉన్న దిమ్మల) చిన్న పెట్టె ఒకటి కూడా కొనాలని కోరుతున్నాను. పిల్లలు ప్రయోగానికి ముందు పరికరాన్నే పరీక్షించుకోగలుగుతారు. ఆ పెట్టె ఖర్చు నేను భరిస్తాను.