డిస్కులు ఉన్నాయి, ఇన్‌స్టాలర్‌కే కనబడలేదు

పదమూడేళ్ల నాటి సర్వర్ అది. రెండు జియాన్ 5600 సిరీస్ ప్రాసెసర్లు, 72 జీబీ డీడీఆర్3 మెమరీ, ముందువైపు ఆరు డిస్కులు. చూసేవాళ్లకు పాతసామానే. కానీ మా ఫైల్ సర్వరూ ఓ చిన్న డేటాబేసూ దాని మీదే నడుస్తున్నాయి, ఒక్కరోజూ మొరాయించలేదు. దాంట్లో ఉన్న సెంటాస్ 7 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి 2024 జూన్ 30తో కాలం చెల్లుతుందని, ఈలోగా కొత్తది ఎక్కించాలని నాకు చాలా ముందే తెలుసు. తెలిసి కూడా ఏప్రిల్ దాకా దాని జోలికి పోలేదు. నడుస్తున్నదాన్ని కదపడం ఎందుకన్న బద్ధకం కొంత, ఏముందిలే గంట పని అన్న ధీమా కొంత.

ముందు బ్యాకప్ తీశాను. తీసి ఊరుకోకుండా వేరే మెషీన్‌లో ఎక్కించి డేటాబేస్ లేస్తోందో లేదో చూసుకున్నాను. ఈ వ్యవహారం మొత్తంలో నేను మొదటిసారే సరిగ్గా చేసిన పని ఇదొక్కటే.

కుర్చీలోంచి లేవకుండా కానిచ్చేద్దామని సర్వర్ తెరను దూరం నుంచే చూపించే రిమోట్ కన్సోల్ తెరిచాను. అది జావా యాప్లెట్ (బ్రౌజర్‌లో నడిచే పాతకాలపు ప్రోగ్రాం) అడిగింది. ఇప్పటి బ్రౌజర్లలో అది నడవదు. ఎక్కడో పాత జావా వెతికి పెడితే, యాప్లెట్‌కున్న డిజిటల్ సంతకం ఎండీ5 అనే పాత పద్ధతి కాలం నాటిదని అది కూడా ఒప్పుకోలేదు. ఇక లాభం లేదని మానిటర్, కీబోర్డు మోసుకెళ్లి ర్యాక్ ముందు నిలబడ్డాను.

నేను ఎంచుకున్నది సెంటాస్ ఉన్న రెడ్ హ్యాట్ కుటుంబానికే చెందిన 9.3 వెర్షన్. (ఏ డిస్ట్రో, అంటే ఏ లినక్స్ రకం, అన్నది చెప్పను, తప్పంతా దానిది కాదు.) యూఎస్‌బీ నుంచి బూటయింది, మెనూ వచ్చింది, ఆ తర్వాత తెర నల్లబడిపోయింది. బోర్డు మీది పాత మాట్రాక్స్ గ్రాఫిక్స్ చిప్‌తో ఇది మామూలేనని విన్నాను. బూట్ లైన్ చివర, గ్రాఫిక్స్ జోలికి పోవద్దని చెప్పే నోమోడ్‌సెట్ అనే మాట చేరిస్తే బొమ్మ వచ్చింది. భాష, టైమ్‌జోన్ అన్నీ దాటుకుని డిస్కు ఎంచుకునే పేజీకి వెళ్తే అక్కడ ఏమీ లేదు. సైజు తప్పుగా చూపించడమో, ఎర్రర్ ఇవ్వడమో కాదు. ఇన్‌స్టాల్ చేయడానికి ఒక్క డిస్కూ లేదట. ముందు ప్యానెల్ మీద ఆరు పచ్చ లైట్లూ వెలుగుతూనే ఉన్నాయి.

ఇలాంటి సర్వర్లతో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది, రీబూట్ అంటే అసలు బాధేమిటో. మెమరీ లెక్కపెట్టుకుంటుంది, డిస్కులన్నిటినీ కలిపి నడిపే రెయిడ్ కంట్రోలర్ కార్డు నింపాదిగా లేస్తుంది, తర్వాత నెట్‌వర్క్ బూట్ కోసం కాసేపు ఎదురుచూస్తుంది. మధ్యలో ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా విమానంలా మోగుతాయి. మొత్తం ఆరు నిమిషాలు. అంటే నా ప్రతి తప్పుడు ఊహ ఖరీదు ఆరు నిమిషాలు. మధ్యాహ్నానికి అలాంటి ఊహలు ఓ డజను అయిపోయాయి.

వాటిలో అన్నిటికంటే తెలివితక్కువది, డిస్కులు సరిగా కూర్చోలేదేమోనని ఒకదానికొకటి నకలుగా మిర్రర్‌లో ఉన్న రెండు డిస్కుల్నీ పవర్ ఉండగానే లాగి మళ్లీ పెట్టడం. తర్వాతి బూట్‌లో కంట్రోలర్ ‘ఫారిన్ కాన్ఫిగరేషన్’ దొరికిందంది. అంటే ఈ డిస్కులు ఎక్కడినుంచో వచ్చినట్టున్నాయి, నావి కావు అని. ఇంపోర్ట్, క్లియర్ అని రెండే దారులు. క్లియర్ నొక్కితే ఆ డిస్కుల మీద రాసి ఉన్న రెయిడ్ వివరాలు పోతాయి. బ్యాకప్ ఉందని తెలిసినా చెయ్యి వణికింది. ఇంపోర్ట్ నొక్కాను. రెండూ తిరిగొచ్చాయి. ఇన్‌స్టాలర్ మాత్రం షరామామూలుగా డిస్కులు లేవంది.

టెన్షన్ తట్టుకోలేక, ఇలాంటి పనుల్లో తలపండిన ఒక మిత్రుడికి ఫోన్ చేశాను. అంతా విని, “నువ్వు ఇన్‌స్టాలర్‌ని అడుగుతున్నావు. ఇంకో లినక్స్‌ని అడిగి చూడరా. ఏదైనా లైవ్ యూఎస్‌బీ పెట్టు” అన్నాడు.

ఇన్‌స్టాల్ చేయకుండా యూఎస్‌బీ నుంచే నడిచే ఇంకో లినక్స్, డెబియన్ 12 లైవ్ పెట్టాను. ఒక్క మాట చెప్పకుండానే అన్ని వాల్యూములూ (డిస్కుల్ని కలిపి కంట్రోలర్ చూపించేవి) కనబడ్డాయి. మెషీన్‌లోని కార్డులన్నిటినీ చూపించే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ కొడితే కంట్రోలర్ చిప్ ఎల్‌ఎస్‌ఐ సాస్2108 అని, దాని పీసీఐ నంబరు 1000:0079 అని, వాడుతున్న డ్రైవర్ మెగారెయిడ్_సాస్ అని వచ్చింది. అంటే కేబుల్, డిస్కు, కంట్రోలర్ అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. మళ్లీ ఇన్‌స్టాలర్‌లోకి వెళ్లి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కి షెల్ తెరిచి అదే కమాండ్ కొట్టాను. కంట్రోలర్ పేరుంది, నంబరుంది, వాడుతున్న డ్రైవర్ అన్న లైనే లేదు. తమాషా ఏమిటంటే మెగారెయిడ్_సాస్ డ్రైవర్ అక్కడ కూడా ఉంది. దాన్ని, డ్రైవర్ వివరాలు చూపించే మోడ్‌ఇన్ఫో కమాండ్‌తో విప్పి చూస్తే అది గుర్తుపట్టే నంబర్ల జాబితా వచ్చింది. అందులో 0079 లేదు.

అప్పటికి గానీ విషయం బుర్రకెక్కలేదు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఏ కార్డునూ పేరుతో గుర్తుపట్టదు. ప్రతి పీసీఐ పరికరానికీ తయారీదారు నంబరొకటి, పరికరం నంబరొకటి ఉంటాయి. డ్రైవర్ దగ్గరున్న జాబితాలో ఆ జంట ఉంటేనే కార్డును తన చేతిలోకి తీసుకుంటుంది. ఈ కుటుంబంలో 8వ తరం వచ్చినప్పుడే, అంటే 2019లో, పాత కంట్రోలర్ల నంబర్లు చాలావాటిని ఆ జాబితాలోంచి తీసేశారు. ఇక పరీక్షించం, సపోర్ట్ ఇవ్వం అని దానర్థం. అసలు లినక్స్ కెర్నల్లో ఆ నంబర్లు అలాగే ఉన్నాయి, డెబియన్‌కు కనబడింది అందుకే. పదేళ్లపాటు మద్దతు ఇస్తామని మాటిచ్చేవాళ్లు పాతవి వదిలించుకోవడంలో న్యాయం ఉంది. కానీ ‘ఈ కార్డు తెలుసు, ఇప్పుడు వాడటం లేదు’ అని తెర మీద ఒక్క ముక్క కనబడితే నా ఒక రోజు మిగిలేది.

దారి చూపింది ఎల్‌రెపో. తీసేసిన నంబర్లను మళ్లీ చేర్చి కట్టిన డ్రైవర్లను ఈ స్వచ్ఛంద బృందం ఇస్తుంది, ఇన్‌స్టాల్ సమయంలో వాడుకోవడానికి డ్రైవర్ డిస్క్ ఇమేజ్‌లు కూడా. దాన్ని రెండో యూఎస్‌బీలో రాసుకుని, బూట్ లైన్లో ఇన్‌స్ట్.డీడీ అని చేరిస్తే ఇన్‌స్టాలర్ ముందు ఆ డ్రైవర్ ఎక్కించుకుంటుంది. తొందరలో నేను దించుకున్నది 9.2ది. నా ఇన్‌స్టాలర్ 9.3. సింబల్ వెర్షన్లు (డ్రైవర్ వాడుకునే కెర్నల్ ఫంక్షన్ల గుర్తులు) కలవడం లేదని డ్రైవర్‌ను తిప్పికొట్టింది. ఇంకో ఆరు నిమిషాలు. సరైనది పెట్టాక డిస్కుల పేజీలో వాల్యూములన్నీ బుద్ధిగా వరుసలో నిలబడ్డాయి.

మధ్యలో ఇంకో చిన్న ఆటంకం. నెట్ నుంచి ప్యాకేజీలు రావడం లేదు, సర్టిఫికెట్లు ఇంకా అమల్లోకి రాలేదంటోంది. చూస్తే గడియారం 2010లో ఉంది. బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోయింది. మార్చాను, టైమ్ సరిచేశాను, అంతే.

మూడు వారాలు బాగానే నడిచింది. డేటా ఇంకా ఎక్కించలేదు, పరీక్షలే చేస్తున్నాను. మే రెండో వారంలో ఏమీ ఆలోచించకుండా అప్‌డేట్ కొట్టాను. 9.4 కెర్నల్ వచ్చింది, రీబూట్ చేస్తే సిస్టమ్ ఉండే రూట్ డిస్కు లేదంటూ, బూట్ మొదట్లోనే, డ్రాకట్ ఎమర్జెన్సీ షెల్‌లో ఆగిపోయింది. నేను ఎక్కించిన డ్రైవర్ 9.3 కెర్నల్‌కు కట్టినది, కొత్త కెర్నల్ దాన్ని కలుపుకోలేదు. బూట్ సమయంలో కెర్నల్ ఎంచుకోనిచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే లేచింది. ఆ మెనూలో పాతవి ఎందుకు ఉంచుతారో అప్పటిదాకా నేనెప్పుడూ పట్టించుకోలేదు.

ప్రతి చిన్న వెర్షన్‌కూ ఇదే భాగోతమా అని తల పట్టుకున్న వారంలోనే, అదే కుటుంబంలోని అల్మాలినక్స్ 9.4 గురించి చదివాను. అది 2024 మే 6న వచ్చింది. పాత స్టోరేజ్, నెట్‌వర్క్ కార్డుల నంబర్లను వాళ్లు తమ కెర్నల్లోకి తిరిగి చేర్చారు, మెగారెయిడ్_సాస్ కూడా ఆ జాబితాలో ఉంది. డ్రైవర్ డిస్కు పక్కన పెట్టి, దాని ఇన్‌స్టాలర్‌తో బూట్ చేసి చూశాను. నేనేమీ చేర్చకుండానే, నోమోడ్‌సెట్ తప్ప, డిస్కులు కనబడ్డాయి. మర్నాడే మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేశాను.

డేటా తిరిగి ఎక్కిస్తుంటే మాత్రం నత్తనడక. ఈసారి డ్రైవర్‌ను అనుమానించే ముందు కంట్రోలర్ స్థితి చూశాను. రాయాల్సిన డేటాను కాసేపు దాచే కాష్‌ను కాపాడే బ్యాటరీ ఎప్పుడో పోయింది. అది లేకపోతే కంట్రోలర్ రైట్-త్రూలోకి మారి, ప్రతి రాతా డిస్కుకు చేరాకే అయిందంటుంది. బ్యాటరీ లేకున్నా బలవంతంగా రైట్-బ్యాక్ (కాష్‌లో పడగానే అయిందనడం) పెట్టే ఆప్షన్ ఉంది. కరెంటు పోతే కాష్‌లో ఉన్నది పోతుంది, అందుకని ముట్టుకోలేదు. కొత్త బ్యాటరీ వచ్చి, పూర్తిగా ఛార్జ్ అయ్యాక మిగతా డేటా ఎక్కించాను. జూన్ 30కి ఇంకా తొమ్మిది రోజులుంది.

మూత బిగించేముందు దాని లోపలివైపు మార్కర్‌తో 1000:0079 అని రాసిపెట్టాను.