అమ్మ ఫోన్ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది: 16 రోజుల లాగ్

1వ రోజు. పిన్నితో వీడియో కాల్ మాట్లాడుతుంటే మధ్యలో స్క్రీన్ నల్లబడి మళ్లీ లోగో వచ్చేస్తోందని అమ్మ వారం నుంచి చెబుతోంది. "నేనేం నొక్కలేదురా, దానంతటదే అయింది" అని ప్రతిసారీ సంజాయిషీ ఇచ్చుకుంటుంటే బాధేసింది. బజార్లో చూపిస్తే బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారట. ఐదేళ్ల నాటి ఆండ్రాయిడ్, 4000 ఎంఏహెచ్ బ్యాటరీ, స్క్రీన్ మీద ఒక్క గీత లేదు. విప్పేముందు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, ఆగినప్పుడల్లా టైము, ఛార్జింగ్ ఎంతుంది, అప్పుడేం చేస్తోంది, ఈ మూడూ రాయమన్నాను. మొత్తం రిపేర్లో నాకు బాగా పనికొచ్చింది ఆ కాగితమే.

2, 3 రోజులు. ముందు వాట్సాప్ బ్యాకప్, ఫొటోలు కంప్యూటర్లోకి. స్టోరేజీ దాదాపు నిండిపోయి ఉంది, గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేస్తే 9 జీబీ ఖాళీ అయింది. మెమరీ కార్డు తీసేశాను. అయినా ఆగింది. మనం వేసుకున్న యాప్‌లు నడవని సేఫ్ మోడ్‌లో పెట్టాను (చాలా ఫోన్లలో పవర్ ఆఫ్ అన్న గుర్తుని నొక్కి పట్టుకుంటే అడుగుతుంది), అందులోనూ ఆగింది కాబట్టి మనం వేసుకున్న యాప్‌ల తప్పు కాదు. సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయించమని అందరూ అంటారు గానీ, కారణం తెలియకుండా అమ్మ ఫోన్ రీసెట్ కొట్టడం నాకిష్టం లేదు.

4వ రోజు రాత్రి కాగితం చూశాను. మొత్తం 11 సార్లు. అందులో 8 సార్లు వీడియో కాల్‌లోనో, ఫ్లాష్ వేసి ఫొటో తీస్తుండగానో, ఛార్జింగ్ 30 నుంచి 65 శాతం మధ్య ఉన్నప్పుడు. ఛార్జర్ పెట్టి ఉండగా ఒక్కసారి కూడా లేదు. మిగిలిన మూడింటి ఎదురుగా "ఏం చేయలేదు, సంచిలో ఉంది" అని రాసింది. ఆ మూడింటినీ నేను పట్టించుకోలేదు, అక్కడే పొరపాటు చేశాను.

ఛార్జర్ ఉంటే బాగుండి, తీశాక ఎక్కువ కరెంటు లాగే పని పడగానే ఆగితే మొదట అనుమానించాల్సింది బ్యాటరీనే. లిథియం బ్యాటరీ పాతబడ్డాక లోపలి నిరోధం పెరుగుతుంది. ఊరికే ఉన్నప్పుడు వోల్టేజి నిండుగా కనిపించినా కెమెరా, స్క్రీన్, నెట్ మూడూ ఒక్కసారి లాగగానే దభీమని పడిపోతుంది, బోర్డుకి కరెంటు చాలదు.

6వ రోజు విప్పాను. ఛార్జింగ్ 20 శాతానికి దించి, వెనక అంచుల్ని హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క దూర్చి మెల్లగా తిప్పాను. స్క్రూలు ఎక్కడివక్కడ గుర్తుండేలా కాగితం మీద ఫోన్ బొమ్మ గీసి టేపుతో అంటించాను, ఎందుకంటే పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే బోర్డు లోపల పొర తెగే ప్రమాదం ఉంది. అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. బ్యాటరీ కింది జిగురులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నాలుగు చుక్కలు వేసి ప్లాస్టిక్ కార్డుతో లేపాను. దాన్ని స్క్రూడ్రైవర్‌తో మాత్రం ఎత్తకండి, వంగినా చిల్లిపడినా మంట రావచ్చు.

7వ రోజు. బ్యాటరీని బయట విడిగా ఛార్జ్ చేసి మల్టీమీటర్ పెడితే 4.02 వోల్టులు. ఇది చూసి బ్యాటరీ బాగుందనుకునేవాళ్లే ఎక్కువ. కరెంటు లాగేలా 5 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ కలిపి చూస్తే 3.3కి జారింది. కొత్త బ్యాటరీకి ఇదే పరీక్ష పెడితే 3.9 నుంచి 3.8, అంతే. కొత్తది బిగించాక వీడియో కాల్ గంటసేపు నడిచింది, పిన్ని ముఖం ఒక్కసారీ ఆగలేదు.

12వ రోజు. సంచిలో ఉండగా రెండుసార్లు రీస్టార్ట్. ప్రాణం ఉసూరుమంది. ఆ మూడు పాత ఎంట్రీలు అప్పుడు గుర్తొచ్చాయి. ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించి ఏడీబీతో (కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఆదేశాలిచ్చే టూల్) బూట్ రీజన్, అంటే ఫోన్ ఎందుకు రీస్టార్ట్ అయిందో అది రాసుకున్న కారణం, చదివితే లాంగ్‌కీ అన్న మాట కనిపించింది, అంటే పవర్ బటన్ చాలాసేపు నొక్కి ఉండటం వల్ల ఫోన్ బలవంతంగా రీస్టార్ట్ అయింది. చాలా ఫోన్లలో పది సెకన్లు పట్టుకుంటే చాలు. బటన్ మీద గోరు పెట్టి నొక్కాను, వాల్యూమ్ బటన్‌లా టిక్కుమనలేదు, మెత్తగా దిగి ఒక్క క్షణం అక్కడే ఉండి పైకొచ్చింది. లెన్స్‌తో చూస్తే సందులో పసుపుపచ్చగా గట్టిపడిన పిండి. శనగపిండి. అమ్మ బజ్జీలు వేస్తూ పిన్నితో మాట్లాడుతుంది కదా! దానికి తోడు ఫ్లిప్ కవర్ అంచు సరిగ్గా ఆ బటన్ మీదే నొక్కుతోంది.

13వ రోజు ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేశాను, టిక్ వచ్చింది గానీ మర్నాటికే మళ్లీ మెత్తబడింది, లోపలి స్విచ్ అరిగిపోయినట్టుంది. 14వ రోజు పవర్ బటన్ స్ట్రిప్ (స్విచ్ ఉండే సన్నటి పట్టీ) మార్చి, కవర్‌ని ఆ చోట బ్లేడుతో అర సెంటీమీటరు కోశాను.

16వ రోజు. రెండు రోజులుగా కాగితం ఖాళీ. వెనక మూత బీ-7000 జిగురుతో అంటించి రాత్రంతా రబ్బరు బ్యాండ్లు వేసి ఉంచాను, కానీ కంపెనీ సీలు పోయింది కాబట్టి సింకు దగ్గర పెట్టొద్దని అమ్మకి చెప్పాను. ఉబ్బని పాత బ్యాటరీ అయినా చెత్తబుట్టలో వేయలేదు, కనెక్టర్‌కి టేపు చుట్టి ఈ-వ్యర్థాల డబ్బా కోసం పక్కన పెట్టాను. ఫ్రిజ్ మీది కాగితం మాత్రం నెలాఖరు దాకా తీయొద్దన్నాను.