రాత్రికి ఒక్క కథ

కొన్ని నెలలుగా పడుకోబోయే ముందు 'క్రీపీ' సంపుటాల నుంచి రాత్రికి ఒక్క కథ చొప్పున చదువుతున్నాను. అమెరికాలో వారెన్ పబ్లిషింగ్ సంస్థ 1964 నుంచి 1983 వరకు వెలువరించిన ఈ భయానక, అద్భుత కథల బొమ్మల పత్రికను డార్క్ హార్స్ సంస్థ 2008 నుంచి గట్టి అట్టల సంపుటాలుగా తిరిగి ముద్రించింది. ఆనాటి పాఠకుల ఉత్తరాలను కూడా తీసివేయకుండా ఉంచినందుకు ఆ సంస్థకు నేను కృతజ్ఞుణ్ణి.

ఈ కథలు దాదాపు అన్నీ నలుపు తెలుపుల్లోనే ఉండడానికి ఒక కారణం ఉంది. 1954లో అమెరికన్ కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తామే విధించుకున్న నియమావళి రక్తపిశాచాలను, నడిచే శవాలను నిషేధించి, 'హారర్' అన్న మాట శీర్షికలోనే కనిపించకూడదని శాసించింది. ఆ నియమావళి కామిక్ పుస్తకాలకే గాని పత్రికలకు వర్తించదు కనుక, జేమ్స్ వారెన్ తన కథలను పెద్ద సైజు పత్రికగా, రంగులు లేకుండా అచ్చు వేశాడు. నిషేధాన్ని తప్పించుకోవడానికి ఎంచుకున్న ఆ రూపమే చిత్రకారులకు వరమైందని నా నమ్మకం. తొలినాళ్లలో కథలు ఎక్కువగా రాసిన సంపాదకుడు ఆర్చీ గుడ్విన్ ఏ చిత్రకారుడి చేతిలో ఏ కథ పండుతుందో ఎరిగినవాడు. నీళ్లు కలిపిన సిరాతో స్టీవ్ డిట్కో అద్దిన బూడిదరంగు పొగలో మాంత్రికుల లోకాలు ఎంత సహజంగా తేలుతాయో చూస్తే, వాటికి రంగు వేయాలన్న ఆలోచనే రాదు.

చాలా కథలను అంకుల్ క్రీపీ అనే వికృతమైన ముసలివాడు మొదలుపెట్టి, తానే ముగిస్తాడు. చందమామలో శంకర్ బొమ్మలతో బేతాళ కథలు చదివి పెరిగిన నాకు ఈ పద్ధతి కొత్తగా అనిపించలేదు. అయితే బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, విక్రమార్కుడి తీర్పు వినేదాకా ఆగుతాడు. క్రీపీ మాత్రం దుష్టుడికి పడిన శిక్షను చూసి పకపకా నవ్వి వెళ్లిపోతాడు. తీర్పు చెప్పే బరువు మన మీద లేకపోవడం వల్లనే కాబోలు, వరుసగా నాలుగు కథలు చదివితే ఐదో దాని ముగింపు ముందే తెలిసిపోతుంది. రాత్రికి ఒక్కటే అన్న నియమం పెట్టుకున్నది అందుకే.

1970లలో స్పెయిన్ నుంచి వచ్చిన ఎస్తెబాన్ మారోతో వంటి చిత్రకారుల పుటలు కన్నులపండువగా ఉంటాయి గాని, ఆ అలంకరణలో కథ ఒక్కోసారి దారి తప్పుతుంది.

1974లో బ్రూస్ జోన్స్ రాయగా బెర్నీ రైట్సన్ బొమ్మలు గీసిన 'జెనిఫర్' అలాంటిది కాదు. అడవిలో ఒకడు గొడ్డలి ఎత్తి ఒక అమ్మాయిని చంపబోతుండగా మరొకడు అడ్డుపడి ఆమెను కాపాడి, ముఖం చూసి నిర్ఘాంతపోతాడు. అయినా జాలితో ఇంటికి తెచ్చుకుంటాడు. ఆ జాలి అతన్ని అంగుళం అంగుళంగా ఎలా దిగమింగుతుందో పది పుటల్లో రైట్సన్ చూపించాడు. ఆమె ఒక్క మాటా మాట్లాడదు. అసహ్యమూ దైన్యమూ కలిసిన ఆ ముఖం ముందు మొదటి మనిషి గొడ్డలి ఎందుకు ఎత్తాడో మనకు నెమ్మదిగా అర్థమవుతుంది. మరుసటి రాత్రి కొత్త కథ తెరవలేకపోయాను. మళ్లీ జెనిఫర్‌నే తీసి, ఈసారి మాటలు వదిలి బొమ్మలు మాత్రమే చూశాను.