సొరకి ముందు చూడాల్సింది వైరు

సొర చేపకి గేలం కట్టేటప్పుడు మా బావ అన్నిటికంటే ముందు చూసేది వైరు. నైలాన్ తాడు ఎంత లావుదైనా సొర పళ్లకి ఆగదు. అందుకే గేలానికి పైన మూరెడు స్టీలు వైరు, ఆ పైన నైలాన్. వైరు మీద తుప్పు మచ్చ కనిపిస్తే చాలు, పారేస్తాడు. "వైరు దగ్గర పిసినారితనం చేస్తే చేప నవ్వుకుంటూ పోద్ది బామ్మర్దీ" అంటాడు.

బావది విశాఖలోని పెద్ద జాలారిపేట. సెలవు దొరికితే నేనూ ఆయన ఫైబర్ బోటు ఎక్కేస్తా. తెల్లారగట్ల బయల్దేరతాం. బోటులో ఐస్ పెట్టె, డీజిల్, ఎరకి కవ్వళ్లు (సార్డిన్లు), కానాగంతలు (మాకెరల్). సూర, అంటే ట్యూనాకైతే బతికున్న ఎర కావాలి, డ్రమ్ములో నీళ్లు మారుస్తూ దాన్ని కాపాడుకుంటూ పోవాలి. సొరకి ఆ తిప్పలు లేవు. నెత్తురోడే ముక్క చాలు, వాసన పట్టుకుని అదే వస్తుంది.

పొడుగు తాడుకి ఎడం ఎడంగా చిన్న తాళ్లు, ఒక్కోదానికి ఒక్కో గేలం. మధ్యలో తేలే బెండ్లు, రెండు కొసలా జెండాలు. తాడు అదే, ఎంత లోతులో ఉంచామన్న దాన్ని బట్టి పడే చేప మారిపోతుంది. రాళ్లు కట్టి నేల దగ్గరికి దింపితే సొర, టేకు చేప (రే). పైన తేలేస్తే సూర, కొమ్ముకోనం (మార్లిన్). ఎక్కడ దింపాలో జీపీఎస్ చెబుతుంది గానీ, బావ వాళ్ల నాన్న మాత్రం ఇప్పటికీ ఒడ్డునున్న డాల్ఫిన్ నోస్ కొండ వేరే ఏ కొండకి ఎదురొచ్చిందో చూశాకే సరేనంటాడు. లోతు ఆయనకి బారల్లోనే చెప్పాలి, మీటర్లంటే చిరాకు.

నాకు బాగా నచ్చేది చేతి తాడు. ఏది తగిలిందో చూడక్కర్లేదు, చేతికే తెలుస్తుంది. సూర సూటిగా కిందకి దూసుకుపోతుంది. సొర తల అటూ ఇటూ విదిలిస్తుంది, ఆ కుదుపు తాడులో దడదడమని వస్తుంది. టేకు అయితే నేలకి అతుక్కుపోయి కదలదు, గేలం రాయికి పట్టిందేమో అనుకుంటాం. వేళ్లకి సైకిల్ ట్యూబు ముక్కలు తొడుక్కుని లాగుతాం. తాడు చేతికి మాత్రం చుట్టుకోకూడదు. 2025 జులైలో అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర కొమ్ముకోనం ఒక మత్స్యకారుణ్ని సముద్రంలోకి లాగేసింది. అప్పట్నుంచి పెద్ద చేప తగిలిందంటే మా బోటులో జోకులు ఆగిపోతాయి.

సొర పక్కకి వచ్చాక కూడా తొందర పనికిరాదు. అలసిపోనిచ్చి, కొక్కెం వేసి, తల మీద కర్రతో కొట్టాకే పైకి. చచ్చిందనుకున్నాక కూడా నోటి దగ్గర చెయ్యి పెట్టకూడదు.

వల కంటే గేలమే మేలని నేను వాదించేది ఇంకో కారణానికి. చాలా సొరలు ఈదుతూ ఉంటేనే ఊపిరాడుతుంది. వలలో చిక్కి కదల్లేకపోతే మనం లాగేసరికే చచ్చి ఉంటాయి. గేలానికి పడిందైతే చాలాసార్లు ప్రాణంతోనే వస్తుంది, వైరు కత్తిరించి వదిలేయొచ్చు. సొర ఈనేది తక్కువ, ఎదిగేది నెమ్మది. కవ్వళ్ల లెక్క దీనికి కుదరదు. 2015లో రెక్కల ఎగుమతి ఆపేశాక పెద్ద సొర మీద మునుపటి ఆశా లేదు. అయినా వదిలేద్దామంటే బావ ఒప్పుకుంటాడా? "డీజిల్ నువ్వు పోయించు, వదిలేద్దాం" అంటాడు. చిన్నదైతే మాత్రం ఏమీ అనకుండా తనే వదిలేస్తాడు.

ఉంచుకున్నదాన్ని వెంటనే కడుపు కోసి, నెత్తురు పోయేలా కడిగి ఐస్‌లో పెట్టాలి. సొర మాంసంలో యూరియా ఉంటుంది. ఆలస్యమైతే అది అమ్మోనియాగా మారి ఘాటు కొడుతుంది, ఇక సొర పిట్టు కూరలో ఎంత అల్లం వెల్లుల్లి వేసినా లాభం లేదు. పాల సొరకి ఆ భయం తక్కువ. ఒడ్డున ఇసకలో ఉండగానే పాలు పడతాయని బాలింతలున్న ఇళ్లవాళ్లు పట్టుకుపోతారు.