సరుగుడు తోపులో జెండాల వేట

ఓరియంటీరింగ్‌కు, అంటే పటం, దిక్సూచి పట్టుకుని జెండాలు వెతికే పోటీకి, పేరు నమోదు చేసుకునేటప్పుడు అడిగే మొదటి ప్రశ్నే కొత్తవాళ్లను తికమక పెడుతుంది: వరుస పోటీయా, స్కోరు పోటీయా? ఒంగోలుకు దగ్గర్లోని కొత్తపట్నం తీరంలో, సరుగుడు తోపుల మధ్య ఓరియంటీరింగ్ పెడుతున్నామని సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక సుబేదారు గారు చెప్పినప్పుడు నాకూ అదే ఎదురైంది.

వరుస పోటీలో పటం మీద ఊదారంగు త్రిభుజం దగ్గర బయలుదేరి, అంకెలు వేసిన వృత్తాలు చూపే జెండా స్థానాలన్నీ అదే క్రమంలో తాకుతూ, జంట వృత్తం దగ్గర ముగించాలి. ఒక్కొక్కరినీ కొన్ని నిమిషాల తేడాతో వదులుతారు. ఒక్క స్థానం వదిలేసినా ఫలితం చెల్లదు. స్కోరు పోటీలో క్రమం లేదు. అందరూ ఒకేసారి బయలుదేరతారు, గడువులోపు ఎన్ని స్థానాలు తాకితే అన్ని పాయింట్లు, ఆలస్యమైతే కోత. “మొదటిసారి వరుసలో వెళ్లండి సార్, ఎటు వెళ్లాలో ఆలోచించే పని తప్పుతుంది” అన్నారు సుబేదారు గారు. నేను స్కోరుకే పేరిచ్చాను. దొరికినన్నిటితో తిరిగి వచ్చే వీలుంటే కొత్తవాడికి ధైర్యంగా ఉంటుందని నా లెక్క. ఇప్పటికీ నన్ను అడిగినవాళ్లకు అదే చెబుతాను.

పోటీ రోజు బల్ల దగ్గర సంతకం పెడితే పటం, పంచ్ కార్డు, దిక్సూచి, ఈల ఇచ్చారు. ఈల అలంకారం కాదు, ఆపదలో ఊదడానికి. నిండు ప్యాంటు తప్పనిసరి అని ముందే చెప్పారు. సర్కారు తుమ్మ ముళ్లు తెలిసినవాళ్లెవరూ దానికి ఎదురు చెప్పరు.

అసలు పని పటంతోనే. బడిలో భూగోళం చదివిన కన్ను పచ్చరంగు కనిపిస్తే అడవి అనుకుంటుంది. ఈ పటాల్లో సులువుగా పరుగెత్తగల అడవి తెలుపు. పచ్చదనం ముదిరేకొద్దీ చొరబడటం కష్టమని అర్థం. ఆరుబయలు పసుపు, నీరు నీలం, కొండల ఎత్తుపల్లాలు గోధుమరంగు గీతలు. కాబట్టి కింద శుభ్రంగా ఉన్న ముదురు సరుగుడు తోట తెల్లగానూ, ఒత్తుగా ఉన్న లేత తోట పచ్చగానూ, ఇసుక పసుపుగానూ కనిపించాయి. ఉత్తరం గీతలు దిక్సూచి ముల్లు చూపే ఉత్తరానికే గీస్తారు కనుక అసలు ఉత్తరంతో ఉండే తేడా కోసం కూడికలు, తీసివేతలు అక్కర్లేదు. పటం గీతలను ముల్లుకు సరిపెట్టి నడవడమే.

అయితే మన తీరంలో చిక్కు వేరు. నేల చదును, చెట్లన్నీ ఒకే వరుసల్లో, ఏ సందు చూసినా పక్క సందులాగే ఉంటుంది. అక్కడ కాపాడేది అడుగుల లెక్క. స్కేలు 1:10,000 అయితే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 100 మీటర్లు. ముందురోజు మైదానంలో 100 మీటర్లు కొలిచి, కుడికాలు ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టుకున్నాను. మెత్తటి ఇసుకలో ఆ సంఖ్య పెరుగుతుంది, ఆ ఎచ్చు కలుపుకోవాలి. ఇంకో సంగతి: సరుగుడు పంట కాబట్టి కొన్నేళ్లకు నరికేస్తారు. పటంలో తోట ఉన్నచోట మొద్దులు కనిపిస్తే గాబరా పడకుండా కాలిబాటనో, కాలువగట్టునో పట్టుకోవాలి. ఆ రోజు ఒక మూల అలాగే ఉంది, గట్టు వెంట వెళ్లినవాళ్లందరికీ జెండా దొరికింది.

జెండా అంటే మూడు ముఖాల గుడ్డ డబ్బా. ఒక్కో ముఖం 30 సెంటీమీటర్ల చదరం, సగం తెలుపు, సగం నారింజ. దాని మీది సంఖ్య మనకిచ్చిన జెండాల చీటీలోని సంఖ్యతో కలిసిందో లేదో చూసుకున్నాకే అక్కడున్న పంచ్‌తో కార్డుకు చిల్లులు వేయాలి, పక్కనే ఇంకో దారివాళ్ల జెండా ఉండవచ్చు. పంచ్‌లో సూదుల అమరిక ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అదే సాక్ష్యం. పెద్ద పోటీల్లో ఈ పని వేలికి తగిలించుకున్న ఎలక్ట్రానిక్ చిప్ చేస్తుంది. మధ్యలో మానేసినా సరే ముగింపు బల్ల దగ్గర కనబడి తీరాలి. లేకపోతే మీరు ఇంట్లో భోంచేస్తుంటే వాళ్లు తోపంతా గాలిస్తుంటారు.

తర్వాత ఉదయగిరి కొండ దిగువన వరుస పోటీకి వెళ్లాను. అక్కడ అడుగుల లెక్క పెద్దగా పనికిరాలేదు, గోధుమ గీతలే దారి చెప్పాయి. గీతలు దగ్గర పడితే నిటారు, దూరమైతే మెల్లటి వాలు. కొండెక్కి దిగడం కంటే చుట్టూ తిరిగి వెళ్లడం చాలాసార్లు త్వరగా అయింది. నాలాంటి నడివయసు వాళ్లు కుర్రాళ్లను దాటగలిగేది ఇలాంటి చోటే.

ఇంకా రకాలున్నాయి: వీధుల్లో 1:4,000 పటంతో స్ప్రింట్, రాత్రి పోటీ, సైకిల్ పోటీ, జట్లుగా గంటల తరబడి తిరిగే రొగేన్. మా అక్కకు మోకాళ్ల నొప్పి. దారి మీద నిలబడి, దూరాన కనిపించే జెండాల్లో పటానికి సరిపోయేది ఏదో తేల్చే ట్రైల్ పోటీ గురించి చెబితే ఆమెకు ఆసక్తి కలిగింది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లూ అందులో సమానంగా పాల్గొంటారు. మన దగ్గర పెడతారా అని సుబేదారు గారిని ఆమే అడిగింది.

“జెండాలు చాలవమ్మా. మీరు కుట్టిపెడితే పెడదాం” అన్నారాయన. నారింజ గుడ్డ ఏ కొట్లో చవకో ఇప్పుడు ఆరా తీస్తోంది.