యాపిల్ ఆఫ్ మై ఐ అని ఎవర్ని అనొచ్చు?

మా మారతహళ్లి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏ పిల్లల బర్త్‌డే వచ్చినా ఫోటో కింద 'యాపిల్ ఆఫ్ మై ఐ' అని ఉంటుంది. నాకు చాలా ఇష్టమైన మాట ఇది, అందుకే దీని గురించి నాకు తెలిసింది రాస్తున్నా.

ఇందులో యాపిల్ అంటే పండు కాదండి. పాత ఇంగ్లీషులో కంటి నల్లగుడ్డునే యాపిల్ అనేవాళ్ళు, అది గుండ్రంగా గట్టిగా ఉండే వస్తువనుకుని. 9వ శతాబ్దంలో, ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ రాజు కాలంలోనే ఈ వాడుక ఉంది, తర్వాత 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్ అనే ఇంగ్లీష్ అనువాదంతో ఇంటింటికీ వెళ్ళింది. అందులో ద్వితీయోపదేశకాండం 32:10 చూడండి, దేవుడు తన జనాన్ని ఎలా కాపాడాడో చెప్పే చోట ఈ మాటే ఉంటుంది, మన తెలుగు బైబిల్లో అక్కడ కనుపాప అని ఉంది. ఏదైనా దగ్గరికొస్తే రెప్ప దానంతటదే మూసుకుంటుంది కదా, అంత జాగ్రత్తగా మనం కాపాడుకునే మనిషన్నమాట. ఊరికే ఇష్టమైనవాళ్ళు అని అర్థం చేసుకుంటే సగమే అందినట్టు.

అందుకే ఆఫీస్ ఫేర్‌వెల్ కార్డులో మేనేజర్‌కి ఇది రాస్తే అస్సలు బాగోదు. కొత్త బండికీ, బిర్యానీకీ కూడా వద్దు. పెద్దవాళ్ళు పిల్లల్ని అంటేనే నిండుగా ఉంటుంది, మొగుడూపెళ్ళాలు అనుకున్నా బాగుంటుంది, అమ్మానాన్నల్ని మనం అంటే మాత్రం నాకెందుకో అతకదు. 'షీ ఈజ్ ద యాపిల్ ఆఫ్ హర్ గ్రాండ్‌ఫాదర్స్ ఐ' అని వేరేవాళ్ళ గురించి కూడా చెప్పొచ్చు, మా పైఫ్లోర్‌లో చిత్తూరు నుంచొచ్చిన తాతగారున్నారు, మనవరాలి స్కూల్ బస్ పది నిమిషాలు లేటైతే చాలు గేటు దగ్గరే నిలబడిపోతారు, వాచ్‌మన్ కుర్చీ వేసినా కూర్చోరు, ఆయన్ని చూస్తే ఈ వాక్యం ఎవరికైనా అర్థమైపోతుంది. అన్నట్టు చివర్లో 'ఐ' అనే అనాలి, 'ఐస్' అనకూడదు, చాలామంది కళ్ళు రెండు కదా అని అలా రాస్తున్నారు.

ఇంకొకటి, నాకు నిజంగా బాధనిపించేది. ఈ మాటలో అందరికన్నా నువ్వే ఎక్కువ అనే అర్థం ఉంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒకళ్ళ ఫోటో కిందే రాసి రెండోవాళ్ళకి హ్యాపీ బర్త్‌డే అని వదిలేయొద్దు ప్లీజ్, వాళ్ళకీ ఇంగ్లీష్ వచ్చు, గ్రూపులో పాత మెసేజ్‌లు వెతుక్కుని మరీ చదువుకుంటారు.