లెక్కల సారు రిజిస్టర్

మన పదో తరగతి బ్యాచ్ మళ్లీ కలుసుకునే రోజుకు వేస్తున్న సంచిక కోసం "మన బడి గురించి ఏదైనా రాయి, ఫొటో కూడా పంపు" అని కమిటీ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఫొటో అదే రోజు పంపాను. రాద్దామని కూర్చుంటే ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఎటు పోయాయో తెలియడం లేదు, అన్నీ పదో తరగతి దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి. ఆ పదో తరగతి నిండా లెక్కల సారే ఉన్నారు. హిందీ మేడం డిక్టేషన్, పీఈటీ సారు విజిల్, వేపచెట్టు కింద 'ఇన్ను-ఔటు' పంచాయితీ, మనం 'యాంటెనా' అని పిలిచే మన దోస్తు గాడి టిఫిన్ బాక్స్... ఇవన్నీ మీలో ఎవరైనా రాస్తారనే ధైర్యంతో నేను సారు దగ్గరే ఉండిపోతున్నాను.

2020 మేడారం జాతర ముచ్చట్లు ఇంకా అయిపోకముందే, కరోనా వల్ల మార్చి 16 నుంచి బడి బంద్ అయింది. మన ముందు బ్యాచ్ అక్కలు, అన్నలు పదో తరగతి పరీక్షల్లో మూడు పేపర్లు రాశారు. అంతలో హైకోర్టు వాయిదా వేయమంది, జూన్‌లో ప్రభుత్వం అందరినీ పాస్ చేసింది. మనం పదిలోకి వచ్చాం కానీ గేటు తాళం తియ్యలేదు. ఆగస్టు 27 నుంచి సార్లు, మేడంలు బడికి వచ్చారు. సెప్టెంబర్ 1న టీవీలో, ప్రభుత్వ పాఠాల ఛానెల్ టీ-శాట్‌లోనూ దూరదర్శన్ యాదగిరిలోనూ మనకు పాఠాలు మొదలయ్యాయి. మూడో తరగతి నుంచి పది దాకా, ఒక్కో తరగతికి ఒక్కో టైమ్. టైమ్ తప్పితే పాఠం పోయినట్టే. కరెంటు పోయినా అంతే.

టీవీ పాఠాలు ఎవరు చూస్తున్నారో కనుక్కోవడానికి పిల్లలను సార్లకు పంచినప్పుడు మా వాడ, తండా, చెరువు కట్ట కింది ఇళ్లు లెక్కల సారుకు వచ్చాయి. మీలో చాలామంది ఇంగ్లీష్ మేడం లిస్టులో ఉన్నారు కాబట్టి సారు రిజిస్టర్ చూసి ఉండరు. పొడుగు లాంగ్ నోట్‌బుక్, ఎర్ర పెన్నుతో గడులు. పేరు పక్కన టీవీ ఉందా, ఫోన్ ఉందా, ఆ ఫోన్ పగలు ఇంట్లో ఉంటుందా లేక నాయినతో పనికి పోతుందా అని రాసుకునేవారు. చివరి గడిలో రెండూ లేని పిల్లలు ఎవరి ఇంట్లో చూడాలో ఉండేది. నా పేరు పక్కన 'కిరాణం వాళ్ల టీవీ' అని ఉండేది. "టీవీ ఉన్నోళ్లు ఎట్లయినా చూస్తరు, నాకు ఈ కడమోళ్లే ముఖ్యం" అని పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి అన్నారు. ఆ మాట నా చెవులతో విన్నాను.

సారు హనుమకొండ నుంచి బండి మీద వచ్చేవారు. ఆ ఏడు వానలు ఎంత గట్టిగా పడ్డాయో మీకు తెలుసు. ఆగస్టులో హనుమకొండ కాలనీలే మునిగాయి. మన ములుగు రోడ్డు మీద కటాక్షపూర్ దగ్గర చెరువు నిండి మత్తడి దుంకితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అయినా సారు వచ్చేవారు. వర్క్‌షీట్లు తడవకుండా ఎరువుల బస్తా లోపలి కవర్‌లో చుట్టి, బండి ట్యాంక్ మీద పెట్టుకునేవారు.

దసరా దాటాక పత్తి ఏరుడు మొదలైంది. బడి లేదు కాబట్టి మేమంతా చేలల్లోనే ఉన్నాం. కూలి దొరికే రోజుల్లో ఇంట్లో పిల్లను కూర్చోబెట్టి టీవీ చూడమనే స్తోమత మా ఇంటికి లేదు. ఒకరోజు పొద్దున సారు చేను గెట్టు మీద బండి ఆపి, మాస్క్ సరిచేసుకుని అమ్మను పిలిచారు. "అక్కా, ఒక్క గంట బిడ్డను నాకియ్యి. కూలి కట్ చేస్తే నేనిస్త." అమ్మకు సిగ్గనిపించి నన్నూ, పక్క సాలులో ఉన్న ఇంకో ఇద్దరినీ పంపింది. చేతుల మీద శానిటైజర్ పోసి, దూరం దూరం కూర్చోబెట్టి లెక్కల్లో శ్రేఢుల పాఠం మొదలుపెట్టారు. "మొదటి రోజు 20 కిలోలు ఏరినవ్. రోజుకు 2 కిలోలు పెరుగుతే పది రోజులకు మొత్తం ఎంత?" బండి సీటు మీద కాగితం పెట్టుకుని చేశాను. 290 వచ్చింది. "పదో రోజుకు 38 కిలోలా? అప్పటికి ఈ చేనుల పత్తి ఉంటదా సారూ!" అని అమ్మ అంటే సారు అంత గట్టిగా నవ్వడం అప్పుడే చూశాను. ఆ తర్వాత శ్రేఢిలో పదాల మొత్తం సూత్రం నాకు మళ్లీ బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు.

2021 ఫిబ్రవరి 1న గేటు తెరిచారు. అమ్మానాయినల ఒప్పుకోలు లెటర్, గదికి ఇరవై మంది, బెంచీకి ఒక్కరు. 11 పేపర్ల బదులు 6 పేపర్లు, మే 17 నుంచి పరీక్షలు అన్నారు. మార్చి 24 నుంచి మళ్లీ బంద్. ఏప్రిల్‌లో పరీక్షలే రద్దు. బడిలోనే పెట్టిన మొదటి చిన్న పరీక్ష ఎఫ్‌ఏ-1 మార్కులతో రాష్ట్రమంతా పాస్, రెండు లక్షల మందికి పైగా పదికి పది జీపీఏ. ఆ తర్వాత మనల్ని ఎక్కడికి పోయినా 'కరోనా బ్యాచ్' అన్నారు, ఊరికే పాసయ్యారన్నారు. నాకిప్పటికీ కోపం వస్తుంది. వానలో బండి మీద వచ్చిన పాఠాన్ని చేను గెట్టు మీద కూర్చుని నేర్చుకున్న పిల్లలను ఊరికే పాసయ్యారని ఎట్లా అంటారు?

అందరికీ పదికి పది వస్తే, పదో తరగతి జీపీఏ చూసి ఇచ్చే బాసర ట్రిపుల్ ఐటీ సీట్లు ఎట్లా ఇస్తారని మనమంతా టెన్షన్ పడ్డాం. ఆ ఏడు పాలిటెక్నిక్ ఎంట్రెన్స్ పాలిసెట్ ర్యాంకుతో ఇస్తున్నారని ముందు చెప్పింది సారే. 120 ప్రశ్నల్లో 60 లెక్కలవే. పాత పేపర్లు కిరాణం వాళ్ల ఫోన్‌కు పంపేవారు, జవాబులు చేసి ఫొటో తీసి పంపితే రాత్రి ఎంత పొద్దుపోయినా దిద్దేవారు. జూలైలో రాశాను. సీటు వచ్చిందని చెప్పినప్పుడు సారు నాతో ఎక్కువ మాట్లాడలేదు, ఫోన్ నాయినకు ఇవ్వమన్నారు. ఇప్పుడు అక్కడే ఇంజినీరింగ్ చదువుతున్నాను. మా ఇంటి నుంచి జిల్లా దాటి చదువుకు పోయిన మొదటి మనిషిని నేనే. ఈ మాట రాసేటప్పుడు సంతోషంగానే ఉంది.

కమిటీ వాళ్లకు ఒక విన్నపం. ఆహ్వానాల లిస్టు వాట్సాప్ గ్రూప్ చూసి తయారు చేశారు. గ్రూపులో లేని వాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఏడు పనికి పోయి అక్కడే ఆగిపోయిన తండా పిల్లలు, బడి తెరిచేలోపే పెళ్లయిన మన ఇద్దరు అమ్మాయిలు కూడా మన బ్యాచే. పాస్ మెమో తీసుకోవడానికి కూడా రాని వాళ్లున్నారు. సారుతో నిన్న మాట్లాడాను, రిజిస్టర్ ఇంకా ఇంట్లోనే ఉందట. ఆ పేజీలు ఫొటోలు తీసి పంపుతానన్నారు. తండా వైపు ఇళ్లకు నేను తిరిగి చెప్పి వస్తాను. చెరువు కట్ట వైపు యాంటెనా గాడు చూసుకుంటే మంచిది.